నేను కొట్టింది తొంభై మీటర్ల నుంచి

మొన్న ఆదివారం సెంబవాంగ్‌లోని మా ఫ్లాట్‌కు భోజనానికి వచ్చిన మేనల్లుడు, గోడమీద నేనూ నా వేటా ఉన్న ఫోటో చూస్తూ, వచ్చే నెల తానూ ఆఫ్రికాకు వేటకు వెళుతున్నానని చెప్పి, "మామయ్యా, నువ్వు త్రీ హండ్రెడ్ మీటర్స్ నుంచి కొట్టావు కదా, నేనూ అంతే, ఈజీ లా!" అనేసరికి నా నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది.

ఆ మూడు వందలు అబద్ధం. పదిహేనేళ్లుగా నా నోట అది విన్న నా ఈడు వాళ్లందరికీ ఇప్పుడు నిజం చెబుతున్నాను.

అప్పట్లో రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం చేస్తూ, శనివారాలు తుపాకి క్లబ్బులో యాభై మీటర్ల దూరాన కాగితం మీది గురిని కొట్టి పొంగిపోయేవాణ్ణి. ఈ మేనల్లుడి తండ్రి, మా బావగారు, నన్ను వెంటబెట్టుకుని నమీబియా వెళ్లారు. అక్కడి గైడు, నెరిసిన గడ్డం పెద్దాయన, ఎంత దూరం నుంచి ధీమాగా కొట్టగలవని అడిగితే, బావగారి ముందు చిన్నబోవడం ఇష్టంలేక మూడు వందలన్నాను. ఆయన అన్నం కంచమంత అట్ట నిలబెట్టించాడు. మూడు వందల దగ్గర ఒక్క గుండూ తగల్లేదు, రెండు వందల దగ్గర ఐదింటికి రెండు, వందకు దిగాక ఐదుకు ఐదూ. ఇదే నీ దూరం, దీన్ని దాటి తుపాకి ఎత్తకు అన్నాడు.

"మన ఫ్లాట్ నుంచి ఎంఆర్‌టీ రైలు స్టేషన్ ఇంకా దూరం కదా బావా!" అని బావగారు పడిపడి నవ్వారు.

మూడోరోజు, మెలికల కొమ్ముల కుడూ జింక ఒకటి చాలా దూరాన నిలబడితే, కొట్టెయ్ కొట్టెయ్ అని బావగారు గుసగుసలాడుతున్నా నేను తల అడ్డంగా ఊపి, ఎదురుగాలిలో, ముళ్లలో, మోచేతుల మీద గంటసేపు పాకి తొంభై మీటర్లకు చేరాను. ఒక్కటే గుండు, జింక నిలబడ్డచోటే కూలింది. గైడు టోపీ తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏ ప్రమోషనూ నాకు అంతటి గెలుపు ఇవ్వలేదు.

అంతటి గెలుపును, తొంభై అంటే ఇక్కడివాళ్ల కంటికి ఆనదని, నేనే మూడు వందలు చేశాను. అది నమ్మి జురాంగ్ ఈస్ట్‌లో ఉండే స్నేహితుడొకడు మరుసటి ఏడు వెళ్లి అంత దూరం నుంచి కొట్టి, కాలు విరిగిన జంతువును సాయంత్రందాకా వెతికినా దొరకలేదని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడూ నేను నోరు మెదపలేదు.

మేనల్లుడికి మాత్రం ఆ పూటే అంతా చెప్పాను. వాడు ఫోటో వైపు చూసి, "పాకి వెళ్లడమే పవర్, మామయ్యా" అన్నాడు. తానూ ముందు అట్టమీద కొట్టి చూసుకుంటానన్నాడు.

ఈ రోజుల్లో తుపాకి మీది అద్దమే దూరం లెక్కగట్టి చూపిస్తుంది. కానీ నీ చెయ్యి ఎంతవరకు నమ్మదగిందో మొహమాటం లేకుండా చెప్పే పెద్దవాళ్లు తగ్గిపోయారు. వాళ్లలో ఒకణ్ణి కావడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.