దీవివాళ్ళ ఫొటోలో నా చీర

ఎనభైల నాటి కరువులో సాయం చేయడానికి వచ్చిన తెల్లామె ఒకామె ధర్మవరంలో మా ఇంటికీ వచ్చింది. నా భర్త పోయి అప్పటికి ఏడాది. మరిది మగ్గం గుంతలో ఉన్నాడు, నేను రాట్నం మీద పట్టుపోగు చుడుతున్నాను. ఆమె మాట తెలుగులో చెప్పడానికి శెట్టిగారి కోడలు తోడొచ్చింది. వెనకాలే ఆ కోడలి అత్త, శెట్టిగారి భార్య కూడా. మేం కూలికి నేసేది వాళ్ళకే.

తెల్లామె ఒక ఫొటో చూపించింది. ఆమె సొంతూరట, నడిసముద్రంలో చిన్న దీవి. దేశమంతా ఒక భాషయితే, ఆ దీవిలో మాట్లాడేది స్వీడిష్ అట. తాతలనాటి ఇల్లొకటి కూలనీయకుండా, వలలూ రాట్నాలూ అందులో దాచుకున్నారట. చారల పావడాలు కూడా. ఊరికొక రకం చార. ఎండాకాలం పండగకు ఆడవాళ్ళంతా ఎవరి ఊరి పావడా వాళ్ళు కట్టుకుంటారట.

"అక్కా, మీరు నేసిన చీర కట్టుకోమంటాండాది. ఫొటో తీసి ఆ ఇంట్లో పెడతాదంట" అంది కోడలు.

నాకు పట్టుచీర ఏది? పెళ్ళికీ నూలుచీరే. తల దించుకున్నాను. కోడలు మంచిది. ఆ పొద్దే మగ్గం మీంచి దించిన ఎర్రచీర తెచ్చి నా భుజం మీద వేసింది. దాని పోగుపోగూ నా వేళ్ళ మధ్య నుంచి పోయిందే. భుజానికి తగలడం మాత్రం అదే మొదలు.

"తియ్ దాన్ని!" అత్త అరిచింది. "పెండ్లికూతురి చీర, మొగుడు పోయినదాని మీద ఏస్తావా? రేపు ఎవురు కొంటారే?"

"ఫొటోకే కదత్తా. ఎవురికి తెలుస్తాది?"

"తెల్లామెను సూడ్డానికొచ్చి వాకిలి నిండా జనం ఉండారు, కనపడల్యా?"

గుంతలోంచి మరిది అన్నాడు: "ఆ పట్టు సుట్టింది వదినే కదమ్మా. అప్పుడు ల్యాని అంటు ఇప్పుడొచ్చిందా?"

"నువ్వు నోరు మూసుకోని నెయ్యప్పా."

నేనే చీర మడిచి ఆ అత్త చేతికిచ్చాను. వాకిట్లోవాళ్ళు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. తిట్టుకన్నా దానికే చచ్చిపోయాను. ఇప్పటికీ చెప్పుకోవాలంటే నోరు రాదు.

ఏమైందని తెల్లామె అడిగినట్టుంది. కోడలు ఏదో చెప్పి, నా చెవిలో, "ఈ ఎండకు మావోళ్ళు పట్టు కట్టరని చెప్పినా. ఇంగేం చెప్పమంటావు?" అంది.

తెల్లామె నవ్వి కెమెరా ఎత్తింది. వెలిసిన నూలుచీర, మోకాలి దగ్గర అతుకు. దాని మీద చెయ్యి పెట్టుకున్నాను. చెయ్యి తీయమని సైగ చేసింది. తీశాను.

ఆ ఫొటో ఇప్పుడు చారల పావడాల పక్కన ఉంటుంది కాబోలు. ధర్మవరంలో నేసే ఆడవాళ్ళు పండగకు కట్టేది ఇదేనని చూపిస్తుంటారు. కాదనడానికి నేనక్కడ లేను. ఉన్నా, ఏమని కాదంటాను?