చారుగాడి జపాను పాటలు

ఆ రోజుల్లో సింగపూరులో ఒక ఫ్లాటులో ముగ్గురు తెలుగువాళ్ళు చేరితే అన్నీ పంచుకునేవాళ్ళు. బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కరు, ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ, జ్వరం మాత్రలు, ఆఖరికి ఇంటర్వ్యూకి కట్టుకెళ్ళే టై కూడా (మా ఫ్లాటు మొత్తానికి ఉన్నది ఒకటే టై. మళ్ళీ వేయడం ఎవరికీ రాదు కాబట్టి దాని ముడి విప్పకుండా మేకుకి తగిలించి ఉంచేవాళ్ళం). ఒక్క సంగతి మాత్రం పంచుకునేవాళ్ళం కాదు. ఎవరు ఏ ఉద్యోగానికి బయోడేటా పంపారన్నది వీసా ముద్ర పడేదాకా కన్నతల్లికి కూడా చెప్పకూడదు. చెబితే దిష్టి తగులుతుంది. నిజానికి మా భయం దిష్టి కాదు, పక్క మంచం వాడు మనకంటే ముందు పంపేస్తాడని. కాకపోతే ఆ మాట పైకి అనలేం కదా, అందుకని దిష్టి మీద తోసేవాళ్ళం.

మా ఫ్లాటు హౌగాంగ్‌లో పదకొండో అంతస్తు. ఉండేది అన్నగారు, చారుగాడు, నేను. అన్నగారిది వరంగల్. మాకంటే ఆరేళ్ళు పెద్ద, అద్దె కాగితం మీద సంతకం ఆయనది, కాబట్టి మా ఇద్దరి మీదా పెత్తనం కూడా ఆయనదే. చారుగాడిది కాకినాడ. వంట వంతు వచ్చిన ప్రతిసారీ చారు తప్ప ఇంకోటి పెట్టడు, అందుకని ఆ పేరు. వాడూ నేనూ ఒకే కంపెనీ, పని చేసే చోట్లు మాత్రం వేరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అనుమానించినందుకే నాకు జీతం. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ పని ఆపెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం చారుగాడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గిన్నెలు తోముతూ కనిపించాడు. నడుముకి సీడీ ప్లేయరు కట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏంట్రా?" అన్నాను. "ఏం లేదురా," అన్నాడు. నా వృత్తిలో 'ఏం లేదు' అన్న జవాబు వచ్చిన చోటే తవ్వాలి. వాడు స్నానానికి వెళ్ళగానే ప్లేయరు మూత తీసి చూశాను. సీడీ నిండా జపాను అక్షరాలు. పక్కనే పడున్న దాని అట్ట మీద వాన కురుస్తున్న కిటికీ, దాని పక్కన దిగులుగా ఒక అమ్మాయి.

నా గుండె గుభేలుమంది. అమ్మాయిని చూసి కాదు, అక్షరాలను చూసి. మా కంపెనీకి కొత్తగా ఒక జపాను క్లయింటు తగిలిందనీ, టోక్యోకి ఒకే ఒక్క మనిషిని పంపుతారనీ అప్పటికి వారం రోజులుగా ఆఫీసులో గుసగుసలు. నా కాంట్రాక్టు ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. ఆ ఒక్క మనిషి నేనే కావాలని బయోడేటా పంపేసి, ఫ్లాటులో నోరు మెదపకుండా కూర్చున్నాను. ఇక్కడ చూస్తే వీడు ఏకంగా భాషే నేర్చేసుకుంటున్నాడు!

అన్నగారికి చెప్పాను (నా బయోడేటా సంగతి మింగేసి, వాడి సంగతి మాత్రమే). ఆయన ఉల్లిపాయ కోయడం ఆపి సీరియస్‌గా ఆలోచించాడు. "మనం చిన్నప్పుడు ఎక్కాలు రాగం తీసి నేర్వలేదారా? గట్లనే భాషను పాట కట్టిండ్రు. మంచి ఉపాయమే."

"మరి ఏడుపెందుకు అన్నగారూ?"

"జపాను భాష మస్తు కష్టమంటరు. ఏడ్వక ఏం జేస్తడు?"

ఇంతకు మించిన వివరణ నాకూ తోచలేదు. ఆ రోజు నుంచి సాక్ష్యాలు వాటంతట అవే పోగుపడ్డాయి. మేకుకి ఉండాల్సిన టై రెండుసార్లు చారుగాడి మంచం కోడుకి వేలాడుతూ కనిపించింది. హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాల హాల్లో, చారుగాడు స్పూను పక్కన పెట్టి పుల్లలతో నూడుల్స్ తిన్నాడు (ఆ హాల్లో ఉన్న మూడొందల మందీ పుల్లలతోనే తింటున్నారన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు). లిఫ్టులో ఒక ముసలాయనకి తల వంచి దారిచ్చాడు. చూడండి మరి, జపాను వాళ్ళు వంగుతారు కదా!

ఆ వంగడం చూసిన మర్నాడే సీడీల దుకాణానికి పరిగెత్తి, ఆ వాన కిటికీ అట్ట వెతికి పట్టుకున్నాను. కౌంటర్లో పిల్ల నన్ను పైనుంచి కింద దాకా చూసి, "దిస్ వన్ వెరీ శాడ్, లా. ఫర్ వెన్ యు ఫీల్ డౌన్," అంది, జాలిగా. పరీక్ష తప్పినవాళ్ళు మళ్ళీ చదువుకునే పాఠాలు కాబోలు అనుకున్నాను. మనిషి తనకు కావలసింది వినడానికి సిద్ధపడితే ఎంత స్పష్టమైన మాటైనా ఏం చేస్తుంది పాపం.

అప్పటి నుంచి నేనూ దొంగచాటు చదువు మొదలుపెట్టాను. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బస్సు దిగి బూన్ లే వైపు రైలెక్కి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో ఆఫీసు డైరీలో రాసుకునేవాణ్ణి. పియానో మెల్లగా మొదలవుతుంది. తర్వాత ఒక ఆడగొంతు, ఎవరినో నిద్ర లేపకుండా తలుపు వేసి వెళ్ళిపోతున్నట్టు, చిన్నగా పాడుతుంది. వారం తిరిగేసరికి రెండో పాట నాకు కంఠతా వచ్చింది. దానితో పాటు ఇంకోటి కూడా వచ్చింది. ఒకరోజు రైల్లో ఉన్నట్టుండి బొటబొటా కన్నీళ్ళు. ఎందుకో తెలియదు. ఇల్లు గుర్తొచ్చిందా అంటే అదీ కాదు. ఎదురుగా కూర్చున్న చైనా ఆంటీ సంచీలోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి నా ఒళ్ళో పెట్టింది. హాకర్ సెంటర్లో టేబుల్ చోప్ చేసుకోవడానికి, అంటే చోటు ఆపుకోవడానికి, పెట్టుకునే ప్యాకెట్టు అది, మామూలుగా ఎవరికీ ఇవ్వరు. "బాయ్, ఎవ్రీథింగ్ కెన్ పాస్ వన్," అంది, ఏదైనా గట్టెక్కొచ్చులే అన్నట్టు. భాష నిజంగానే కష్టం సుమా అనుకుని ముక్కు తుడుచుకున్నాను.

ఇంటర్వ్యూకి ముందు రోజే టై నా దిండు కింద దాచేశాను. ఇంటర్వ్యూలో నా ఎదురుగా ఒక జపాను పెద్దమనిషి, నల్ల సూటు, నెరిసిన జుట్టు. పక్కన మా మేనేజరు మేడమ్. సాంకేతిక ప్రశ్నలన్నీ సాఫీగా గడిచాయి. చివర్లో మేడమ్, "జపనీస్ కెన్ ఆర్ నాట్?" అంది.

"కెన్!" అన్నాను.

ఏ పాఠమైనా పలకరింపుతోనే కదా మొదలవుతుంది. రెండో పాట మొదటి రెండు వరుసలు అన్నిటికంటే మర్యాదగా వినిపించేవి, అందుకని వాటినే స్వపరిచయం కింద ఖాయం చేసుకున్నాను. లేచి నిలబడి, నడుం దాకా వంగి, కళ్ళు మూసుకుని (తెరిస్తే వరస తప్పేది) అప్పజెప్పాను. కాస్త రాగం కూడా వచ్చేసింది.

కళ్ళు తెరిచేసరికి పెద్దమనిషి కలం కింద పెట్టేసి ఉన్నాడు. తర్వాత ఆచితూచి ఇంగ్లీషులో చెప్పాడు. "మీరు నాతో ఏమన్నారంటే... 'నీ గొడుగు గుమ్మం దగ్గర పెట్టాను. దాని కోసం మాత్రం మళ్ళీ రావద్దు.'" తర్వాత ఎంతో మర్యాదగా, "మిమ్మల్ని ఎవరు వదిలి వెళ్ళారు?" అని అడిగాడు.

మేడమ్ కిటికీలోంచి బయటకు చూస్తోంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. మీరు కొన్నాళ్ళు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి, టోక్యోలో ఒంటరితనం ఎక్కువ అని పెద్దమనిషి నాకు తలుపు దాకా వచ్చి మరీ సలహా ఇచ్చాడు. టోక్యో నాకు అక్కడితో సరి.

మంటెత్తిపోతూ ఫ్లాటుకొచ్చాను. చారుగాడు సోఫాలో హెడ్‌ఫోన్లతో ఉన్నాడు. లాగి పారేశాను. "ఒరేయ్, నువ్వు వినే ఆ పాటలకి అర్థం తెలుసా నీకు?"

"తెలీదు."

"మరెందుకురా వింటున్నావ్!"

"తెలీదు గనకే," అన్నాడు. "తెలుగు పాట వింటే అమ్మ గుర్తొత్తాదిరా. తమిళం సగం అర్థమైపోద్ది. ఇదైతే ఆ పిల్ల ఏడుపు ఆ పిల్లది, నా ఏడుపు నాది." తల వంచుకుని సీడీ ప్లేయరు మూత తెరుస్తూ మూస్తూ అప్పుడు చెప్పాడు. వాడి కాంట్రాక్టు పొడిగించడం లేదని కంపెనీ చెప్పి మూడు వారాలైంది. టై కట్టుకుని నాలుగు చోట్ల తిరిగాడు, ఎక్కడా కుదరలేదు. పర్మిట్ గడువు ఇంకో పది రోజులు.

"మరి టోక్యోకి పెట్టలేదా?" నోరు జారాను.

"ఎలా పెడతానురా? అది నువ్వు అడుగుతున్నావని తెలుసు గదా. నీ డైరీలో టోక్యోకి పెట్టిన బయోడేటా కాపీ చూసేను."

వాడు నా డైరీ చూశాడు, చూసి పక్కకి తప్పుకున్నాడు. నేను వాడి సీడీ చూశాను, చూసి దూసుకెళ్ళాను. నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఎందుకో బాగానే తెలుసు. వంటగదిలోంచి గరిటెతో వచ్చిన అన్నగారికి కథంతా చెప్పి, గొడుగు సంగతి కూడా చెప్పాను. ముందు ఆయన నవ్వాడు, తర్వాత చారుగాడు నవ్వాడు. ముగ్గురం నేలమీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. అన్నం మాడిపోయింది.

మర్నాటి నుంచి మా ఆచారం గట్టున పెట్టి వాడి సంగతి ఊరంతా చాటాం. గుడిలో, బస్టాపులో, అన్నగారు పనిచేసే బ్యాంకులో, దొరికిన ప్రతి తెలుగువాడి చేతిలో వాడి బయోడేటా పెట్టాం. పది రోజులు సరిపోలేదు. విమానాశ్రయంలో "ఏం లేదురా, బానే ఉంటాను, ఆయ్!" అని చెయ్యూపి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళిన నాలుగో రోజున జురాంగ్ ఐలాండ్‌లోని ఒక ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది, మీ స్నేహితుణ్ణి రేపు పంపగలరా అని. వాడు నోరు విప్పని ఆ మూడు వారాలూ మా చేతిలో ఉన్నవే. నేను అప్పుడు పాట బట్టీ పడుతున్నాను. ఫోను పెట్టేసి చూస్తే చారుగాడి నల్ల గొడుగు గుమ్మం దగ్గరే ఉంది, మర్చిపోయాడు.

ఇప్పుడు చారుగాడు కాకినాడలో కంప్యూటర్ సెంటరు నడుపుతున్నాడు. నా కాంట్రాక్టు ఎలాగో పొడిగించారు, నేను ఇక్కడే ఉండిపోయాను. మనసు బాగోలేనప్పుడు నేను ఇప్పటికీ ఆ సీడీయే పెట్టుకుంటాను. మా అమ్మాయి "డాడ్, యు డోంట్ ఈవెన్ అండర్‌స్టాండ్, లా!" అంటుంది. దానికి ఇంకా వయసు రాలేదు.

మొన్న ఒక సాయంత్రం చారుగాడు ఫోన్ చేశాడు. "ఏం లేదురా, ఊరికే చేసేను," అన్నాడు. వాడి మాటల వెనక సన్నగా పియానో వినిపించింది. రెండో పాట. నా పాత వృత్తి లేచి కూర్చుంది.

"ఈ శనివారానికి టికెట్ తీసుకుంటున్నా," అన్నాను.

"ఎందుకురా ఇప్పుడు?"

"నీ గొడుగు నా దగ్గరే ఉండిపోయింది, ఇచ్చి వెళ్తాను."

వాడు పియానో ఆపేశాడు. "పాటలో దాని కోసం రావద్దంటాది గదరా," అన్నాడు.

"నాకు జపాను భాష ఎక్కడొచ్చురా," అన్నాను.