గగ్గయ్య చీటీ

సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు మా ముందుగదిలోని గోడ గడియారం ఆగిపోయింది. సెల్లు అయిపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. నిజానికి స్టూలు ఎక్కి దాని వెనక నుంచి సెల్లు తీసింది నేను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక వస్తువు నడవాలంటే మరో వస్తువు ఆగాల్సి వచ్చేది. నాకు పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయి, ఎండాకాలం సెలవుల్లో ఉన్నాను. ఆ సెల్లు ఎందుకు తీశానో ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఒక్కతే. ఆమె పోయి మొన్నటికి ఏడాది అయింది.

ఆమె మా చిన్నత్త, నాన్నకు చెల్లెలు. వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సుగా పనిచేసేది. పెళ్లయిన మూడో ఏట మామ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి స్కూటర్ మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. నెల తిరగకముందే అత్త రెండు సంచులతో మా ఇంటికి వచ్చేసింది. ఒక సంచిలో ఆమె బట్టలు, ఇంకోదానిలో మామ సామాను. మామ రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఆ సంచిలో స్క్రూడ్రైవర్ల మధ్య బూడిదరంగు ఆట డబ్బా ఒకటి ఉండేది. అరచేతికంటే కొంచెం పెద్దది. చిన్న తెర, పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ రంగు. నాలుగు సెల్లులు వేస్తే నడిచేది. సికింద్రాబాదులో పాత సామాను అమ్మేచోట మామ దాన్ని కొన్నాడట. వెనక దూర్చిన ఆట బిళ్ల మాత్రం ఒక్కటే. ఒక వీరుడు, అతనితో ముగ్గురు తోడు, ఊరూరా తిరిగి రాక్షసులను కొడుతూ ఆఖరి కోటకు చేరాలి. అందులోని రాత ఏ భాషో మాకు తెలియదు. (జపాను వాళ్లదని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి తెలిసినా ఒరిగేదేమీ లేదు.)

ఆట మొదట్లో వీరుడికి పేరు పెట్టమని అడుగుతుంది. నాలుగు అక్షరాలు ఎంచుకోవాలి. ఆ పట్టికంతా వెతికితే మామకు ఒక అక్షరం మన 'గ' లాగా కనిపించిందట, తలకట్టు ఒక్కటే తక్కువన్నట్టు. అదే నాలుగుసార్లు నొక్కాడు. గగగగ అనడానికి నోరు తిరగక ఆ వీరుడు గగ్గయ్య అయ్యాడు. కత్తి పట్టుకుని అడవుల్లో తిరిగేవాడికి పరకాల అంగట్లో కూరగాయలమ్మే పెద్దమనిషి పేరులాంటిది రావడం ఆ ఆట తయారుచేసిన వాళ్లకు తెలియదు. మామ పోయాక అత్త ఆ గగ్గయ్యనే నడిపించింది. కొత్తగా మొదలుపెట్టలేదు. మామ ఆపినచోట నుంచే సాగించింది.

డ్యూటీ దిగి ఆరింటికి వచ్చేది. కాళ్లు కడుక్కుని, చాయ తాగి, అరుగు మీద కూర్చుని అరగంట ఆడేది. అరగంటే. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఆ ఆటలో దెబ్బతిని పడిపోయినవాడు ఒక చిన్న పెట్టెగా మారిపోతాడు. మా క్రైస్తవుల ఇళ్లలో పెట్టె అంటే సమాధిలో దించేదే, వేరే చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్లు ఎటు నడిస్తే ఆ పెట్టె అటు వాళ్ల వెనకే జరుగుతూ వస్తుంది. ప్రతి ఊళ్లో నెత్తిన కూడిక గుర్తు ఉన్న ఇల్లొకటి ఉండేది. అక్కడికి తీసుకుపోతే పొడుగు అంగీ వేసుకున్న ఒకాయన ఏదో అంటాడు, పెట్టెలోంచి మనిషి లేచి నిలబడతాడు. ఆ ఇల్లు ఏమిటన్న దాని మీద అత్తకూ నాన్నకూ పడేది కాదు.

"అది చర్చే. నెత్తిమీద శిలువ కనవడ్తలేదా?" అనేవాడు నాన్న.

"శిలువైతే కింది కాలు పొడుగుండాలె గదనే అన్నా. నాలుగు దిక్కుల సమానమున్నది. దవాఖాన."

"మరి లోపలున్నాయన అంత పొడుగు అంగీ ఎందుకేసుకున్నడు?"

"డాక్టరుసారు కోటు."

"డాక్టరుసారు చచ్చినోన్ని లేపుతడా?"

అత్త తెర మీదనుంచి తల ఎత్తకుండానే, "నీ పాస్టరుసారు లేపిండా ఎన్నడన్న?" అంది ఒకసారి. నాన్న ఆ తర్వాత రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు. (చాలా ఏళ్లకు ఇంటర్నెట్‌లో చదివాను. అది చర్చే. అత్తకు చెప్పలేదు.)

ఆ దవాఖానలోనే ఆటను దాచుకోవాలి. ఎంతవరకు వచ్చామో అక్కడి ఆయన రాసిపెడతాడు. దాన్ని అత్త 'చీటీ రాయించుడు' అనేది, ఓపీ చీటీ లాగా. చీటీ రాయించకుండా డబ్బా ఆపితే ఆ రోజు నడిచిందంతా పోతుంది. అందుకే ఆరున్నర అవుతుండగా వంటింట్లోంచి మా అమ్మ కూడా, "వదినా, చీటీ రాయించినవా? అన్నం పెడ్తాన" అని కేకేసేది. నాకు ఆడే హక్కు వారానికొక రోజు ఉండేది. షరతు ఒకటే. డబ్బా పెట్టగానే మూడు వరుసలు కనిపిస్తాయి. "మొదటిదే ఒత్తాలె బిడ్డా. కిందియాటి జోలికి పోకు." ఎందుకని అడిగితే, తనకూ తెలియదంది. మామ అలా చెప్పాడట.

ఆ మే నెలలో అత్త మూడు రోజుల ప్రార్థన కూటాలకని పరకాల వెళ్లింది. పోతూ పోతూ డబ్బా నా చేతికిచ్చింది. వెళ్లిన గంటకు నేను మూడో వరుస నొక్కాను. ఎందుకు నొక్కానో ఇప్పటికీ సరైన జవాబు లేదు. కింద ఏముందో చూడాలనిపించింది, అంతే. ఏదో అడిగింది. రెండు జవాబులు. పైదే మంచిదని మా ఇంటి అనుభవం కాబట్టి పైది నొక్కాను. చిన్న పాట వచ్చింది. ముచ్చటగానే ఉంది. తర్వాత మొదటి వరుస కనిపించలేదు. గగ్గయ్య లేడు.

డబ్బా ఆపి మళ్లీ పెట్టాను. ఆపి పెట్టాను. సెల్లులు తీసి తుడిచి వేశాను. డబ్బాను తలకిందులుగా పట్టుకుని ఊపాను, అతనెక్కడో అడుగున ఇరుక్కున్నట్టు. ప్రార్థన కూడా చేశాను. రాక్షసులను కొట్టికొట్టి బలంలో ముప్పై ఏడో మెట్టు దాకా ఎక్కినవాడు. మామ మొదలుపెట్టి, అత్త రెండేళ్లు రోజూ అరగంట నడిపించినవాడు. మామ చేతితో చేసినవాటిలో ఇంకా కదులుతున్నది ఆ ఒక్కటే అని నాకు తెలుసు. ఎవరూ చెప్పకపోయినా ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు తెలుస్తుంది.

గగ్గయ్యను మళ్లీ తయారుచేయాలని నిర్ణయించుకున్నాను. మూడు రోజుల టైముంది. అదే 'గ' వెతికి నాలుగుసార్లు నొక్కి మొదలుపెట్టాను. దారులు గుర్తున్నాయి. సెల్లులే చాలలేదు. వీధి చివరి కొట్టులో అడిగితే ఆయన అమ్మకు చెప్తాడు. అందుకని మొదట టీవీ రిమోటువి రెండు తీశాను, తర్వాత నాన్న రేడియోవి, తర్వాత గడియారానిది. నాన్న రైల్వేలో గుమాస్తా. మర్నాడు జీవితంలో మొదటిసారి డ్యూటీకి ఆలస్యంగా పోయాడు.

"నాలుగ్గొట్టంగ ఆగింది. ఎవలు ముట్టిండ్రు దీన్ని?" అని స్టూలు మీద నిలబడి అడిగాడు.

"సెల్లు అయిపోయిందేమో డాడీ," అన్నాను.

"ఏడవాయె సెల్లు? అయిపోతే అండ్లనే ఉండాలె గద!"

అమ్మ అనుమానం ఎలుక మీదికి పోయింది కాబట్టి బతికిపోయాను. అయిపోయిన సెల్లులను ఎండలో పెడితే ఇంకొంత సేపు వస్తాయి కదా, డాబా మీద అమ్మ వడియాల పక్కన ఎనిమిది సెల్లులు వరసగా ఆరబెట్టాను. అమ్మ వడియాలు తిప్పడానికి వచ్చి చాలాసేపు చూసింది.

"గివేంది? గివి గూడ ఎండవెట్టినవా? నూనెల గోలించాల్నా ఏంది?"

"సైన్సు ప్రాజెక్టు అమ్మా."

"సెలవులల్ల ఏం ప్రాజెక్టే?" అంది కానీ వడియాలు మాత్రం దూరం జరిపి పోయింది. అలా ఆ సెల్లులు వరంగల్ ఎండ తాగుతుంటే, నేను చెమట తుడుచుకుంటూ, మూడో రోజు మధ్యాహ్నానికి గగ్గయ్యను తొమ్మిదో మెట్టు దాకా ఎక్కించాను. ముప్పై ఏడుకు తొమ్మిది. అన్ని ఊళ్ల దవాఖానలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక దవాఖాన ముందు నిలబెట్టి చీటీ రాయించాను. అత్త కళ్లద్దాలు పాతబడ్డాయి, గుర్తుపట్టదని నా ఆశ. పదేళ్లకు పైగా జ్వరం చీటీల మీద అంకెలు చదివిన మనిషి గురించి నేను అలా అనుకున్నాను.

సాయంత్రం అత్త వచ్చింది. కాళ్లు కడుక్కుంది, చాయ తాగింది, అరుగు మీద కూర్చుంది. మొదటి వరుస నొక్కింది. పేరు దగ్గర ఆగింది. తెరను కొంచెం వెలుగువైపు తిప్పింది. నేను గోడకున్న సున్నం గీకుతూ నిలబడ్డాను.

"ముప్పై ఏడుండె," అంది. "తొమ్మిదైంది."

"సెల్లులు వీకైనయత్తా. అందుకే ఆయన గూడ వీకైండు."

అత్త నావైపు చూడలేదు. "ఔ. మూడొద్దులు నేను లేకపోతి. సరిగ తినలేదు కావచ్చు గగ్గయ్య," అంది. "జర దవాఖానకు తీస్కపోయి చూపిద్దాం పా," అని అతన్ని నడిపించింది. ఆ రోజు అరగంట కాకముందే ఆపేసింది. చీటీ మాత్రం రాయించింది. లోపలికి వెళ్తూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "గడియారం సెల్లు గడియారంల పెట్టురా బిడ్డ. మీ డాడీ నౌకరి పోతది," అంది. అది కూడా విని, ఆమె నా మాట నమ్మిందనే అనుకున్నాను. రెండు దశాబ్దాలు అలాగే అనుకున్నాను.

ఆ వానాకాలంలోనే ఒక మార్పు చూశాను. అంతకుముందు ఆఖరి కోట గుమ్మం దాకా పోయి ఎప్పుడూ వెనక్కి తిరిగి వచ్చేసేది. ఈ గగ్గయ్యను మెల్లగా పెంచి, దసరాకు ముందు కోటలోకి నడిపించింది. ఆట అయిపోయింది. తెర మీద తెలియని అక్షరాలు కిందనుంచి పైకి పోతుంటే, చర్చిలో ఆశీర్వాదం చెప్పేటప్పుడు నిలబడ్డట్టు లేచి నిలబడింది. నన్నూ లేపింది. మర్నాడు ఆరింటికి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. అలా ఎన్నిసార్లు పూర్తిచేసిందో లెక్కపెట్టలేదు. నేను డిగ్రీ చదివినా, లైబ్రరీలో ఉద్యోగం దొరికినా, ఫోనుల్లో సినిమాల్లాంటి ఆటలు వచ్చినా ఆమె అదే డబ్బా, అదే అరగంట. "అంత తెల్సిన కథ, బోర్ కొడ్తలేదా అత్తా?" అని అడిగాను ఒకసారి. "తెల్వనప్పుడు భయంభయంగ ఉర్కుతం బిడ్డా. తెల్సినంకనే నిమ్మలంగ నడుస్తం," అంది. తర్వాత, "మా వార్డుల గూడ గిట్ల లేస్తే ఎంత బాగుండు," అని నవ్వింది.

రిటైరైన ఐదో ఏట కడుపులో గడ్డ అన్నారు. తాను పనిచేసిన వార్డులోనే పడుకుంది. నేను రోజూ సాయంత్రం లైబ్రరీ మూసి వెళ్లేదాన్ని. డబ్బా పట్టుకునే ఓపిక లేదు కాబట్టి నేను ఆడుతుంటే చూసేది. ఒకరోజు ఆడుతుండగా ఉన్నట్టుండి అంది.

"ఆ రెండు గీతలు మర్సిపోయినవ్ గద బిడ్డా."

"ఏ గీతలత్తా?"

"ఆఖరి గ మీద. మీ మామ మూడు గలు మామూలుగ పెట్టి, నాలుగోదానికి నెత్తిన రెండు సన్న గీతలున్నది ఒత్తిండు. సోకు కోసం. నీ గగ్గయ్యకు లేకుండె."

చేతిలో ఆట నడుస్తూనే ఉంది. ఏదో రాక్షసి గగ్గయ్యను కొడుతోంది.

"మరి అప్పుడే ఎందుకు కొట్టలేదత్తా నన్ను?"

"కొడుదామనే అనుకున్న," అంది. "సెల్లులు ఎండవెట్టినవని మీ అమ్మ చెప్పింది. నవ్వొచ్చింది." దిండు మీదే తెర వైపు ఒరిగింది. "మీ మామ గగ్గయ్యనైతే నేను కోటలకు తోల్కపోయేదాన్ని కాదు. గుమ్మం కాడనే ఉంచుకుందు. నీ గగ్గయ్యతోని పోయొచ్చిన. మంచిగనే అయింది. చూస్కో, పెట్టెల పడ్డడు. దవాఖానకు తీస్కపో."

తీసుకుపోయాను. లేచాడు. చీటీ రాయించాను. ఆ తర్వాత పదకొండు రోజులే ఉంది.

ఆటలో పెట్టె మన వెనక వస్తుంది. ఆ రోజు మేము పెట్టె వెనక నడిచాం. చర్చి ముందు నాన్న నిలబడి పైకి చూశాడు. ఆ శిలువకు కింది కాలు పొడుగ్గానే ఉంది.

ఈ ఏడాది ఆమె సామాను సర్దుతుంటే డబ్బా దొరికింది. సెల్లులు వేసి పెట్టాను. మూడు వరుసల్లో మొదటిది లేదు. ఈసారి నేనేమీ నొక్కలేదు. బాగుచేసే దుకాణానికి తీసుకుపోతే ఆయన వెనక దూర్చిన ఆట బిళ్ల విప్పి, లోపల గుండీ అంత సెల్లు చూపించాడు. "గిదే యాదికి పెట్టుకుంటది మేడం. గిది సచ్చింది. కొత్తది ఏస్త గని, పాతది మాత్రం రాదు," అన్నాడు. వద్దని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పుడప్పుడు ఆరింటికి ఆడుతున్నాను. ఎండబెట్టకుండానే ఎన్ని సెల్లులైనా కొనుక్కోగలను. అయినా మొన్న ఇంట్లో సెల్లులు లేకపోయేసరికి నడివయసు లైబ్రేరియన్ స్టూలు ఎక్కి గోడ గడియారం దించింది. కుర్చీలోంచి నాన్న, "మళ్ల గడియారం ఆగిందేందే?" అని అడిగాడు. సెల్లు అయిపోయిందేమో డాడీ అన్నాను. ఆయన ఈసారి ఏమీ అడగలేదు, కొంచెం నవ్వినట్టున్నాడు. మూడు గలు నొక్కి, నాలుగోదానికి గీతలున్నది వెతికి పెడతాను. మొదటి ఊరి దవాఖాన దాకా నడిపించి, గుమ్మం ముందు నిలబెట్టి, ఆరున్నరకు ఆపేస్తాను. లోపలి సెల్లు చచ్చింది కాబట్టి రాయించినా నిలవదు. మా ఇంట్లో ఇప్పుడు చీటీ రాయించడం లేదు.