నట్టు కింది రంగు

మా ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా కరెంటు పని చేస్తున్నారు. తీగలు పోయే ఇనుప పైపులైనా, మెయిన్ పెట్టె అయినా, బిగించే ముందే గోడతో కలిసిపోయేలా రెండు పూతలు రంగు వేస్తారు. అందుకే అందరూ రంగుల మేస్త్రి అంటారు. చేసిన పనికి రిపేరంటూ మళ్లీ ఎవరూ పిలవలేదని ఆయనకు గర్వం. నిజం చెప్పొద్దూ, నాకు ఇంకాస్త ఎక్కువే.

మొన్న పొద్దున మా చెల్లెలి లాండ్రీలో కూర్చున్నాను. ఆ షాపు వైరింగూ ఆయనదే. చెల్లెలు తడి బట్టల బుట్ట ఎత్తబోయి, తూలి, గోడమీది పైపు పట్టుకుంది. అంతే, చెయ్యి ఊడి రాలేదు. గొంతు పెగల్లేదు, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెక్క స్టూలెత్తి ఆ చేతిమీద బలంగా ఒక్కటి కొట్టాను. కింద పడింది. ఊపిరి ఆడుతోంది, అరచెయ్యి మాడిపోయింది.

డాక్టరు గుండెకేమీ కాలేదన్నాక ఆయన్ని పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నమ్మలేదు. పైపుకి కరెంటు తగిలితే పెట్టెలోకి, అక్కణ్ణుంచి ఎర్తుకి పోవాలి, ఆ దెబ్బకి బ్రేకరు పడిపోయి కరెంటు ఆగిపోవాలి, అంటూ షాపుకొచ్చి మెయిన్ ఆపి పెట్టె విప్పారు. పైపులో ఒక తీగ తొడుగు ఒరుసుకుపోయింది. సరే, అది ఎక్కడైనా జరిగేదే. మరి బ్రేకరెందుకు పడలేదు? పైపుకీ పెట్టెకీ మధ్య మీటరు పెడితే ముల్లు కదల్లేదు. పైపుని పెట్టెకి బిగించే నట్టు విప్పారు. దాని కింద రంగు చెక్కు చెదరకుండా మెరుస్తోంది. ఆ రంగు పొర అడ్డుపడి ఇనుముకి ఇనుము తగలనేలేదు.

పని నేర్పినాయన నట్టు కింద రంగు గీకెయ్యమనేవాడట. గీతలు అసహ్యంగా కనిపిస్తాయని ఈయన మానేశారు. అందంకోసం, ఇన్నేళ్లూ.

ఇంకెన్నిచోట్ల ఇలా ఉందని అడిగాను.

"అన్నిచోట్లా," అన్నారు. "పక్క వీధి బడిలో కూడా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు గుర్తొచ్చింది ఆయనకున్న మంచి పేరే. సాయంత్రం బడి వదిలాక వెళ్లి, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి రమ్మన్నాను.

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఈలోపు ఏ పిల్లో పట్టుకుంటే?"

బడి హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోను నేనే కలిపిచ్చాను.

"మేడమ్, పిల్లల్ని గదుల్లోంచి బయటికి పంపించి, మెయిన్ ఆపించండి. వైరింగులో తప్పు చేశాను. నేనేనండీ, మేస్త్రిని."

ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని ఆవిడ అడిగినట్టున్నారు.

"మీ బడి కట్టినప్పట్నుంచీనండీ," అన్నారు.