కానుగ చెట్టు మొదట్లో బొగ్గులు

నా చిన్నప్పుడు మా అవ్వ ఒకరోజు పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని అడవిలోకి నడిచింది. ఎందుకో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది కురుడుమలెకి అవతల ఒక చిన్న ఊరు. అడవి అంచున మా అవ్వకు రాగిచేను ఉండేది. తాతయ్య పోయాక ఆ చేనూ, రెండు ఆవులూ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. చేను పక్కనే ఊరి పెద్దాయన మామిడితోట. ఆ ఏడు దుక్కికి వెళ్ళి చూస్తే, రెండింటి మధ్య ఉండాల్సిన సర్వే రాయి మా చేనులోకి వచ్చి కూర్చుంది. రాళ్ళకు కాళ్ళు రావు కదా! అడిగితే పెద్దాయన, "రాయి యాడుంటే హద్దు ఆడే అవ్వా, అది సర్కారు రాయి" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

అవ్వ నన్ను తీసుకెళ్ళిన దారి కష్టమైనదేమీ కాదు. మేకలు తిరిగి తిరిగి పడిన బాట, తంగేడు పొదల మధ్య నుంచి మెల్లగా సాగుతుంది. దాని పొడుగునా దొరల కాలంలో పాతిన సర్వే రాళ్ళు, నెత్తిన బాణం గుర్తుతో నిలబడి ఉన్నాయి. ఒక్కో రాయి వెనక నన్ను నిలబెట్టి, "ముందర రాయి కనబడతా ఉండాదా?" అని అడిగింది అవ్వ. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. చివరి రాయి దగ్గర నుంచి మా చేను వైపు చూస్తే మాత్రం ఆ వరస తిన్నగా తోట అంచున ఉన్న కానుగ చెట్టు మొదట్లోకి పోయింది. హద్దు రాయేమో దానికి బాగా ఇవతల, మా చేనులో ఉంది. దొంగతనం అంత తేటగా కనిపించేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మా వైపు సర్వే రాయి పాతేటప్పుడు గుంటలో ముందు బొగ్గులు పోస్తారు. బొగ్గు కుళ్ళదు, చెదలు తినవు. రాయిని పెరికేసినా అది ఉండిన చోటు తెలుస్తుంది. అవ్వ పెద్దమనుషులను పిలిపించి, పెద్దాయన ఎదుటే తవ్వించింది. ఇప్పుడు రాయి ఉన్నచోట వట్టి ఎర్రమన్ను. కానుగ మొదట్లో బొగ్గుల పొర. "ముసల్ది నిన్న తెచ్చి పోసి ఉంటాది" అన్నాడు పెద్దాయన. అవ్వ నన్ను గుంటలోకి దింపి, "చేయి పెట్టి చూసి చెప్పమ్మా" అంది. బొగ్గులను పట్టుకుని లాగితే ఊడి రాలేదు. కానుగ వేర్లు వాటి మధ్య నుంచి దూరి అల్లుకుపోయి ఉన్నాయి. అదే నేను గట్టిగా అరిచి చెప్పాను.

అందరూ వంగి చూశారు. అందరికీ అర్థమైంది. అయినా అందరూ గుంట దగ్గర నుంచి వెనక్కి జరిగారు! ఆయన తోటలో కూలికి పోవాలి, ఆయన బావి నీళ్ళు కావాలి. చివరికి ఒకాయన, "పోనీలే అవ్వా, పెద్దోళ్ళతో మనకెందుకు? నాలుగు సాళ్ళు పోతే పోయినాయి" అన్నాడు. పెద్దాయన రాయి జరిపినదానికన్నా ఈ మాటకే నాకు ఎక్కువ మండింది.

అవ్వ ఆయనతో వాదించలేదు. తనూ గుంటలోకి దిగి నా పక్కన కూర్చుంది. "రాయి వచ్చినంక లేస్తాను. ఇంగ మీ ఇష్టం" అంది. పెద్దాయన తువ్వాలు దులుపుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కేకొద్దీ ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుంట చుట్టూ నిలబడ్డారు. మా పక్కింటి అక్క మజ్జిగ తెచ్చి మాకు ఇచ్చి, మగవాళ్ళ వైపు తిరిగింది. "రాయి తెచ్చేదాకా ఆ తోటలో ఒక్క కాయ కోసేది లేదు. పోయి చెప్పండప్పా" అంది. చెట్ల మీద కాయలు పక్వానికి వచ్చి ఉన్నాయి. పొద్దు వాలకముందే తోట కూలీలు రాయిని మోసుకొచ్చి పాత గుంటలో పాతారు. పెద్దాయన మాత్రం ఆ పక్కకు రాలేదు.

ఇప్పుడు ఆ బాటన బెంగళూరు నుంచి జనం సరదాగా నడవడానికి వస్తున్నారు. దొరల రాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు, మంచిదే. పోయిన వారం మాత్రం లేఅవుట్ వేసేవాళ్ళెవరో ఒక రాయిని పెరికి తమ గేటు పక్కన నిలబెట్టారు. అందానికట, సున్నం కూడా కొట్టారు! వెళ్ళి అడిగితే, "అది మీ చేను రాయి కాదు కదమ్మా, మీకెందుకు?" అన్నాడు అక్కడి మేనేజరు. మళ్ళీ అదే మాట.

రేపు పొద్దున్నే గడ్డపార తీసుకుని మా మనవరాలితో ఆ బాటన పోతాను. దానికి వరస చూపిస్తాను, బొగ్గుల మీద చేయి పెట్టిస్తాను. ఈ మోకాళ్ళతో ఒకసారి గుంటలో కూర్చుంటే లేవడం నాకు కష్టమే. రాయి వచ్చేదాకా లేవాల్సిన పనీ లేదు.