చల్లని ఇళ్ల కరపత్రం

ఏసీ గదిలో కూర్చుని ‘ఏసీ అక్కర్లేని పచ్చని ఇళ్లకు ప్లాన్లు గీస్తాం’ అని కరపత్రం రాసిన మొనగాణ్ణి ప్రొద్దుటూరు మొత్తానికి నేనొక్కణ్ణే. అంగడివాళ్ల ఇంట్లో పుట్టాను కదా, ఎక్కువ వేయిస్తే ధర తగ్గుతుందని ప్రెస్సాయనతో బేరమాడి, వెయ్యి చాలినచోట రెండు వేలు అట్టకాగితం మీద అచ్చు వేయించాను. అలాంటి ఇల్లు మాత్రం అప్పటికి ఒక్కటీ గీయలేదు.

ఆ కరపత్రాలు నింపిన సంచితోనే ఒక ఎండాకాలం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కాను. దారిలో ఏదో లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. ఎండ పడే కిటికీ పక్కన నేను, నాకు అడ్డంగా ఒకామె, ఆమె ఒళ్లో బియ్యం మూట. ఊరుకోలేక ఆమె చేతిలో ఒక కరపత్రం పెట్టాను.

“మేమూ ఇల్లు కట్టాలని ఉండామప్పా. నిజంగా సల్లగుంటాదా?”

“శానా సల్లగుంటాదక్కా.”

“అట్లయితే మీ ఆఫీసుకొచ్చి ఒక గంట కూచుంటా. అదీ అట్లే కట్టింటావు గదా?”

దిగిపోదామంటే మూట అడ్డం. అబద్ధం చెబుదామంటే ఆమె రేపే వచ్చేలా ఉంది.

“ఆడ ఏసీ ఉండాదక్కా,” అన్నాను.

ఆమె తిట్టలేదు. కరపత్రంతో విసురుకుంది. తర్వాత నాకూ నాలుగుసార్లు విసిరింది.

“గాలి మాత్రం బాగొస్తాందిలే.”

వెనకనుంచి ఎవరో, “మామా, నాకూ ఒకటియ్యి,” అన్నారు. ఆ తర్వాత బస్సంతా చేతులు చాపింది.

ఆ కరపత్రం చూసి నా దగ్గరికొచ్చినవాళ్లు లేరు, ఆమెతో సహా. నిజం లెక్క చెప్పాలంటే, ఏసీ లేకుండా నేను చల్లబరిచింది ఇప్పటికీ ఆ ఒక్క బస్సునే.