ఉండలో ఎవరి జుట్టు?

సోమవారం ఉద్యోగంలో చేరాలి. మా ఇంట్లో చదువుకుని ఆఫీసుకెళ్ళేది నేనే మొదలు. అందుకే ఈ ఉంగరాల జుట్టును సాపు చేయించుకుందామని ఈ రోజు పార్లర్‌కి వెళ్ళాను. స్ట్రెయిటెనింగ్ క్రీము పడుతుందో లేదో ముందు కాస్త జుట్టు మీద చూడాలని పార్లర్ ఆంటీ నిన్ననే చెప్పారు. కత్తిరించడం ఇష్టంలేక, సవరం కోసం అమ్మ దాచిన, రాలిన నా జుట్టు ఉండ పట్టుకెళ్ళాను.

క్రీము రాసి కడిగితే కొన్ని వెంట్రుకలు నిగనిగలాడాయి, కొన్ని పుటుక్కున తెగాయి.

"ఇదేంటండీ, సగం సగం?"

"ఈ ఉండలో ఇంకెవరిదన్నా ఉందా అమ్మాయ్?"

"మా అమ్మది కూడా ఉందండీ."

"ఆవిడది ఉంగరాలా?"

"కాదండీ, సాపే."

"ఇంకేం! తెగినవి నీవే తల్లీ."

సోమవారం ఉంగరాలతోనే వెళ్తున్నాను. మీలో ఎవరికైనా ఈ క్రీముకి ఉంగరాల జుట్టు తెగకుండా నిలిచిందా? చెప్పండి, ఆశ ఇంకా చావలేదు.